గంజి తొట్టి దగ్గర అడిగిన ప్రశ్నలు

అపాత్రదానం చేయకూడదని మన పెద్దలు చెబుతూ ఉంటారు. వాకిట్లో ఎవరైనా నిలబడి "అమ్మా, ఆకలి" అన్నప్పుడు మనలో చాలామందికి ముందుగా గుర్తుకు వచ్చేది ఆ మాటే. ఒళ్ళు బాగానే ఉందిగా, ఏదైనా పని చేసుకోరాదూ? అసలు ఏ ఊరు వీళ్ళది? ఇవాళ పెడితే రేపు మళ్ళీ వస్తారేమో? ఈ మూడు ప్రశ్నలూ మనసులో తిరిగేలోగానే చెయ్యి తలుపు గడియ మీదికి పోతుంది.

ఈ ప్రశ్నలు అడగడం తప్పా, ఒప్పా అన్నది చివర్లో చూద్దాం. ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. ఇవి మన ఇళ్ళలో పుట్టిన ప్రశ్నలు కావు. సత్రాల గుమ్మాల దగ్గర, గంజి తొట్ల దగ్గర, కరువు పనుల దగ్గర ఎంతో కాలంగా ఇవే ప్రశ్నలు అడుగుతూ వచ్చారు. వాటికి జవాబు చెప్పుకోలేనివాళ్ళు ఏమయ్యారో చరిత్రలో రాసి ఉంది. ఈ వేళ ఆ చరిత్రే కొంచెం చెప్పుకుందాం.

పాతకాలంలో మనవైపు బీదసాదలకు, బాటసారులకు ఆసరా అంటే సత్రమే. రాజులు, జమీందారులు, వర్తకులు, ఒక్కొక్కప్పుడు భర్త పోయిన ఇల్లాళ్ళు కూడా పుణ్యం కోసం సత్రం కట్టించి, దాని ఖర్చుకు ఇంత భూమి రాసిపెట్టేవారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి మరుసటేడు తిరిగి వచ్చారు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే ఏ మజిలీలో సత్రం ఉందో, ఎక్కడ నీళ్ళ వసతి ఉందో, ఎక్కడ సరుకులు దొరుకుతాయో తెలుస్తుంది. రైళ్ళు లేని ఆ రోజుల్లో సత్రమే లేకపోతే అంత దూరం ప్రయాణం ఊహించడానికే వీల్లేదు.

అయితే సత్రం ముఖ్యంగా దారిన పోయేవాడి కోసం. వచ్చి, తిని, పడుకుని, మళ్ళీ దారి పట్టేవాడి కోసం. ఇల్లే లేనివాడు అక్కడే ఉండిపోతానంటే కుదరదు. పైగా గుమ్మం దగ్గర కులం అడిగేవారు. కొన్ని సత్రాల్లో భోజనం బ్రాహ్మణులకే. మరికొన్నింటిలో వేరే వంట, వేరే పంక్తి. కొందరికి అరుగు దాకా ప్రవేశం, ఇంకొందరికి అదీ లేదు. దానం చేసినవారి మనసు మంచిదే కావచ్చు. కాని ఎవరికి అందరికన్నా ఎక్కువ అవసరమో వాళ్ళే వీధిలో నిలబడిపోయేవారు.

ఇక మద్రాసు సంగతి చూద్దాం. మన తెలుగువాళ్ళ ఊళ్ళు ఎన్నో ఆ రాజధాని కిందనే ఉండేవి కదా! 1780లో హైదర్ అలీ సేనలు ఆర్కాటు సీమ మీద పడ్డాయి. ఊళ్ళు తగలబడ్డాయి, పైర్లు పోయాయి. జనం పిల్లాపాపలతో మద్రాసు పట్నం వైపు పరుగులు తీశారు. పట్నంలో తిండిగింజలు లేవు. అలాంటి సమయంలో, 1782 ప్రాంతంలో, పట్నానికి ఉత్తరాన ఒక గంజి కేంద్రం వెలిసింది. దాని అజమాయిషీ ఒక గ్రామాధికారి చూసేవాడట. గ్రామాధికారిని తమిళంలో మణియకారర్ అంటారు. ఆ మాట ఇంగ్లీషువాళ్ళ నోట నలిగి "మనేగార్" అయింది. ఆ చోటుకి మనేగార్ చౌల్ట్రీ అని పేరు స్థిరపడింది.

గంజే ఎందుకు అని మీకు అనిపించవచ్చు. చవక అన్నది ఒక కారణం. ఒక బస్తా బియ్యం అన్నంగా వండితే ఎందరికి వస్తుందో, గంజిగా కాస్తే అంతకు ఎన్నో రెట్ల మందికి వస్తుంది. ఇంకొక కారణం కూడా ఉంది. చాలా రోజులు పస్తులున్నవాళ్ళకి ఒక్కసారిగా కడుపునిండా ముద్దన్నం పెడితే వాళ్ళ శరీరం తట్టుకోలేదు, ప్రాణం మీదికి వస్తుంది. పలచగా, కొంచెం కొంచెంగా మొదలుపెట్టాలి. లంఖణాలు చేసి లేచినవాళ్ళకి మన ఇళ్ళల్లో గంజి పోసి పథ్యం పెట్టడం ఇందుకే.

కరువు పోయింది కాని ఆ కేంద్రం మూతపడలేదు. ఆకలితో వచ్చినవాళ్ళలో జ్వరంతో వచ్చినవాళ్ళు, పుండ్లతో వచ్చినవాళ్ళు, నడవలేని ముసలివాళ్ళు, దిక్కులేని పిల్లలు ఉండేవారు. ఒక గిన్నెడు గంజి పోసి పొమ్మంటే పోవడానికి వాళ్ళకి చోటేదీ? 1799లో జాన్ అండర్‌వుడ్ అనే డాక్టరు ఆ దగ్గరలోనే దేశీయుల కోసం ఒక చిన్న ఆసుపత్రి పెట్టాడు. కొన్నేళ్ళకి ఆసుపత్రీ, సత్రమూ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. అదే పెరిగి పెరిగి ఇప్పటి చెన్నైలోని స్టాన్లీ ఆసుపత్రి అయింది. అక్కడి పాతవాళ్ళు దానిని "కంజి తొట్టి ఆస్పత్రి" అంటారు. అంటే గంజి తొట్టి ఆసుపత్రి అన్నమాట. ఒక గంజి తొట్టి పెద్దాసుపత్రి అయిందంటే మనం గ్రహించవలసింది ఉంది. పేదరికం వచ్చినప్పుడు ఒంటరిగా రాదు. ఆకలి, రోగం, నిలువ నీడ లేకపోవడం మూడూ కలిసే గుమ్మం ముందుకు వస్తాయి.

తర్వాత యాభై ఏళ్ళకి మన గుంటూరు సీమకి వచ్చింది నందన కరువు. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో వచ్చింది కనుక ఆ పేరు. డొక్కల కరువని కూడా అన్నారు. ఆ మాట వింటేనే కళ్ళ ముందు మనుషుల రూపం కదులుతుంది. గుంటూరు జిల్లాలో అప్పటి జనాభా సుమారు అయిదు లక్షలు. అందులో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా పోయారని లెక్క. బతికినవాళ్ళు మద్రాసుకి పోతే గంజి దొరుకుతుందన్న ఆశతో దక్షిణం బాట పట్టారు. ఆ బాట పొడుగునా శవాలేనని ఆనాటివాళ్ళు రాశారు. ఉన్న ఊళ్ళోనే ఇంత గంజి దొరికి ఉంటే వాళ్ళలో ఎందరో ఆ బాట పట్టేవారే కాదు. ఆ కరువు తర్వాతనే ప్రభుత్వం కళ్ళు తెరిచింది. కాటన్ దొరగారి ఆధ్వర్యంలో గోదావరి మీద ఆనకట్ట 1852కి, కృష్ణ మీద ఆనకట్ట 1855కి పూర్తయ్యాయి.

ఇక అసలు కథ ధాత కరువుది. ధాత నామ సంవత్సరం, 1876. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు సీమలు మలమల మాడిపోయాయి. రైళ్ళు అప్పటికే వచ్చాయి కాని, రైలు ధాన్యాన్ని ఆకలి ఉన్న చోటుకి కాక ధర ఉన్న చోటుకి మోసుకుపోయింది. మద్రాసు వీధులు మళ్ళీ పల్లెజనంతో నిండిపోయాయి. మొదటి నెలల్లో పట్నంలోని కలిగినవాళ్ళు, వర్తకులు తమ వాకిళ్ళలోనే వేలమందికి అన్నాలు పెట్టించారు.

ఆ సమయంలో కలకత్తా నుంచి పెద్ద ప్రభుత్వం తరఫున సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చాడు. ఈయన కథ తప్పక తెలుసుకోవాలి. అంతకు మూడేళ్ళ ముందు, 1874లో, బీహారులో కరువు వస్తే చూసుకున్నది ఈయనే. అప్పుడాయన బర్మా నుంచి నాలుగున్నర లక్షల టన్నుల బియ్యం తెప్పించి, అడిగినవాడికల్లా పని ఇచ్చి, పని చేయలేనివాడికి అన్నం పెట్టించాడు. చావులు చాలా తక్కువ. మరి ఆయనకి సన్మానం జరిగిందా? లేదు. ప్రజల సొమ్ము నీళ్ళలా ఖర్చు పెట్టేశాడని, జనానికి సోమరితనం నేర్పాడని నానా మాటలూ అన్నారు. మద్రాసుకి వచ్చేసరికి ఆయన మనిషే మారిపోయాడు. ఈసారి పొదుపు చేసి చూపించాలని పట్టుబట్టాడు.

1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ ప్రభువు మహా వైభవంగా దర్బారు జరిపి విక్టోరియా రాణిని హిందూ దేశానికి చక్రవర్తినిగా చాటాడు. అదే నెలలో మద్రాసు రాజధానిలో టెంపుల్ కొత్త నిబంధనలు వచ్చాయి. మన గుమ్మం దగ్గర ప్రశ్నలు మూడని మొదట అనుకున్నాం కదా, వాటినే ఆయన చట్టంగా చేశాడు.

పని చేసుకోరాదూ అన్నది మొదటిది. ఒంట్లో ఓపిక ఉన్నట్టు కనిపించినవాళ్ళంతా రాళ్ళు కొట్టాలి, కాలువలు తవ్వాలి. అప్పుడే కూలి. ఏ ఊరు నీది అన్నది రెండోది. సొంత ఊరికి పది మైళ్ళ లోపల పని ఇవ్వరు. నిజంగా ఆకలైతే పది మైళ్ళు నడిచి రాడా అని వాళ్ళ తర్కం. రేపు మళ్ళీ వస్తారేమో అన్నది మూడోది. అందుకని కూలిని ఎంత తగ్గించవచ్చో అంతా తగ్గించారు. మగవాడికి రోజంతా మట్టి మోస్తే ఒక పౌను ధాన్యం, పైన ఒక్క అణా. ఒక పౌను అంటే మన అరకిలోకి కూడా తక్కువే. ఆడవాళ్ళకి, పిల్లలకి అంతకన్నా తక్కువ. గడ్డపార పట్టినవాడికి పూటకి ఎంత తిండి కావాలో వంట చేసే మనకి ఎవరూ చెప్పనక్కరలేదు కదా.

మద్రాసులో ఆరోగ్యశాఖ చూసే డాక్టర్ కార్నిష్ దీనిని గట్టిగా వ్యతిరేకించాడు. ఒక పౌను గింజలతో పనిచేసే మనిషి బతకడని, పప్పు, కూర కూడా ఉండాలని, కనీసం ఒకటిన్నర పౌనైనా ఇవ్వాలని వాదించాడు. కొన్ని నెలలకి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు కూలి పెంచాడు. కాని ఈలోగా జరగవలసింది జరిగిపోయింది. పది మైళ్ళు నడవలేనివాళ్ళు, నడిచి వచ్చి పని చేయలేనివాళ్ళు, చంకలో బిడ్డతో తట్ట ఎత్తలేని తల్లులు దారుల వెంట రాలిపోయారు. కర్నూలు జిల్లా జనాభా 1871 లెక్కలకీ 1881 లెక్కలకీ మధ్య దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆ కరువులో బ్రిటిష్ ఏలుబడిలోని ప్రాంతాల్లోనే యాభై లక్షలకు పైగా చనిపోయారని అంచనా. మద్రాసులో అడయారు, కూవం నదులను కలిపే ఎనిమిది కిలోమీటర్ల బకింగ్‌హాం కాలువ భాగాన్ని ఆ కరువు కూలీలే తవ్వారు. దానికి గవర్నరు పేరు పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

ఇదంతా క్రూరత్వం వల్లనే జరిగిందని తేల్చేయడం సులువు. కాని ఆ అధికారుల భయం మనకు తెలియని భయమేమీ కాదు. దొంగ ఆకలివాడు వచ్చి తినిపోతాడేమోనన్నదే ఆ భయం. ఒక్క దొంగ తినకుండా ఉండడానికి పెట్టిన కంచె నూరుమంది నిజమైన ఆకలివాళ్ళని ఆపేసింది. ఎందుకంటే బలం ఉన్నవాడు ఏ కంచెనైనా దాటి వస్తాడు. ఆకలితో నీరసించినవాడే దాటలేడు.

అదే కరువులో ఇంకో రకం పని కూడా జరిగింది. 1877 ఆగస్టులో మద్రాసు పౌరులు సభ చేసి సహాయం కోసం విజ్ఞప్తి పంపారు. లండన్ నగరంలోనూ, ఇతర చోట్లా లక్షల పౌన్లు చందాలు పోగయ్యాయి. ఆ నిధి సంఘానికి కార్యదర్శిగా పనిచేసిన విలియం డిగ్బీ అనే పత్రికా సంపాదకుడు ఆ కరువు చరిత్రని రెండు సంపుటాలుగా రాశాడు. ఆ సంఘంవాళ్ళు ఆలోచించిన తీరు చూడండి. గోషా స్త్రీలు, పరువుకి వెరచి గంజి తొట్టి దగ్గరికి రాలేక ఇంట్లోనే పస్తులుండి చచ్చిపోయే ఆడవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళకి ఇళ్ళకే సాయం పంపారు. వాన పడ్డాక రైతుకి విత్తనాలకి, ఎద్దులకి డబ్బిచ్చారు. కప్పు పోయిన గుడిసెలు మళ్ళీ వేసుకోవడానికి ఇచ్చారు. కట్టుబట్టలు ఇచ్చారు. సాలెవారి చేత రాళ్ళు కొట్టించకుండా నూలు ఇచ్చి వాళ్ళ మగ్గం మీదే నేయించే ఏర్పాట్లు కూడా అప్పుడు జరిగాయి. మగ్గం మీద ఆడిన చేతులు సుత్తి పట్టి కాయలు కాస్తే, కరువు తీరాక మళ్ళీ నేత నేయలేవు కదా! నీకు ఏం పోయింది, ఏది ఇస్తే మళ్ళీ లేచి నిలబడతావు అని అడిగారన్నమాట. ఇదీ ప్రశ్నే. కాని మొదటి మూడు ప్రశ్నలకీ దీనికీ ఎంతో తేడా ఉంది.

ఇంత జరిగాక కరువుల మీద ఒక కమిషను వేశారు. 1880లో దాని నివేదిక, 1883లో కరువు నియమావళి వచ్చాయి. అందులో పాత పరీక్షల వాసన పోలేదు. అయినా ఒక మేలు జరిగింది. కరువు వచ్చినప్పుడు జనాన్ని బతికించడం దయ కాదు, ప్రభుత్వం బాధ్యత అని మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది.

ప్రభుత్వాలు ఇలా పరీక్షలు పెడుతున్న రోజుల్లోనే మన కోనసీమలో ఒక ఇల్లాలు ఏ పరీక్షా లేకుండా అన్నం పెడుతూ ఉండేది. ఆమె డొక్కా సీతమ్మగారు. 1841లో మండపేటలో పుట్టారు. లంకల గన్నవరంలోని డొక్కా జోగన్నగారికి ఇల్లాలై వచ్చారు. గోదావరి పాయల మధ్య ఊరు. పడవలు దిగి వచ్చేవాళ్ళు, వరదలకి ఇళ్ళు మునిగినవాళ్ళు, కూలినాలి చేసుకునేవాళ్ళు వేళ కాని వేళ వచ్చేవారు. ఏ కులమని గాని, ఏ ఊరని గాని, ఎందుకొచ్చావని గాని ఆమె అడిగేవారు కాదట. పొయ్యి వెలిగించి వండి పెట్టేవారు. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరి, దారిలో ఒక పెళ్ళివారి పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, "సీతమ్మగారింటికి చేరితే అన్నం దొరుకుతుంది" అని పెద్దవాళ్ళు ఓదార్చడం విని, దేవుడి దర్శనం మానుకుని వెనక్కి తిరిగి వచ్చి వాళ్ళకి వండి పెట్టారని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఉన్న ఆస్తి కరిగిపోతున్నా ఆమె మానలేదు. 1909లో కన్నుమూశారు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీది అక్విడక్టుకి ఆమె పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా ఆమె పేరే పెట్టింది. అన్నం పెట్టిన ఒక ఇల్లాలికి ఇంతకన్నా తగిన గుర్తింపు ఇంకేముంటుంది? అయితే ఒక్క మాట. సీతమ్మగారి పొయ్యి ఆమె ఉన్నంతకాలం ఒక ఊరికి వెలుగు. ఒక జిల్లాకి, ఒక పట్నానికి అన్నం, నీడ ఏర్పాటు చేయాలంటే ఒక్క తల్లి రెక్కలు చాలవు. ఆమె మనసుతో పనిచేసే ఏర్పాటు కావాలి.

నీడ అన్నాను కనుక హైదరాబాదు సంగతి కూడా చెప్పాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచేసింది. వేలమంది పోయారు. వేల ఇళ్ళు నేలమట్టమై జనం వీధిన పడ్డారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పాలకుడు. వంటశాలలు తెరిచి అన్నాలు పెట్టించారు. నీళ్ళు తీశాక అన్నాలతోనే పని అయిపోలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి వరదలు రాకుండా ఏం చేయాలో చెప్పమన్నారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అలా వచ్చినవే. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడి, మురికివాడల స్థానంలో బీదవాళ్ళకు గాలీ వెలుతురూ వచ్చే ఇళ్ళు కట్టించే పని మొదలుపెట్టింది. గంజితో మొదలైన సాయం ఇంటిదాకా వచ్చిందన్నమాట.

ఇల్లు ఉన్నా భర్త వదిలేసిన ఆడది, చదువు లేని వితంతువు ఎక్కడికి పోవాలి? దుర్గాబాయమ్మగారు మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ద్వారా చేసింది దీనికి జవాబు. బడి మానేసిన ఆడవాళ్ళని కూర్చోబెట్టి బనారసు మెట్రిక్కు పరీక్షకి చదివించారు. తర్వాత 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి ఆమె మొదటి అధ్యక్షురాలు. 1958 నుంచి దేశమంతటా పెద్ద వయసు స్త్రీలకి తక్కువ కాలంలో పూర్తయ్యే చదువులు నడిపించారు. ఆ చదువుతో టీచర్లుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా కుదురుకున్నవాళ్ళు ఎందరో.

స్వరాజ్యం వచ్చాక కరువు చావులు తగ్గాయి. కాని ఆకలి పోలేదు. 2001లో ఒకపక్క ప్రభుత్వ గిడ్డంగుల్లో ధాన్యం మూలుగుతుంటే, మరోపక్క రాజస్థాన్‌లో జనం పస్తులుంటున్నారని సుప్రీంకోర్టులో కేసు వేశారు. ఆ కేసులోనే, ఆ ఏడు నవంబరులో, బడిపిల్లలకి వండిన భోజనం పెట్టాలని కోర్టు ఆజ్ఞ ఇచ్చింది. 2013లో ఆహారభద్రత చట్టం వచ్చింది. ఇక ఇల్లు లేనివాళ్ళ సంగతి. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీలో ఒక కూడలి దగ్గరి తాత్కాలిక ఆశ్రయాన్ని అధికారులు తీసేశారు. చలికి మనుషులు పోయారన్న వార్త కోర్టుకి చేరింది. 2010 జనవరిలో ఢిల్లీలో వెంటనే ఆశ్రయాలు తెరవమని ఆజ్ఞ. ఆ తర్వాత పెద్ద నగరాలన్నింటికీ కలిపి లక్ష జనాభాకి ఒక ఆశ్రయం చొప్పున ఉండాలని నిర్దేశించారు. 2013లో కేంద్రం చేసిన నియమాల్లో అది పగలూ రాత్రీ తెరిచి ఉండాలని, ఒక్కొక్కరికీ కనీసం యాభై చదరపు అడుగుల చోటు ఉండాలని, వాళ్ళు పని చేసుకునే చోటుకి దగ్గరలోనే ఉండాలని రాశారు.

ఆఖరి మాట గమనించారా? పని చేసుకునే చోటుకి దగ్గరలో! పది మైళ్ళ పరీక్ష పెట్టిన రోజుల నుంచి మనం ఎంత దూరం వచ్చామో ఆ ఒక్క మాట చెబుతుంది. అలాగే రేషను కార్డు కూడా. చాలా ఏళ్ళు అది సొంత ఊళ్ళోనే చెల్లేది. పని కోసం పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి పట్నం వచ్చిన కూలివాడికి పట్నంలో బియ్యం లేదు. ఏ ఊరు నీది అన్న పాత ప్రశ్నే అది. ఒక దేశం, ఒక రేషను కార్డు అన్న పద్ధతి 2022 నాటికి దేశమంతటా అమలై ఆ ప్రశ్నకి చాలావరకు సెలవిచ్చింది. హైదరాబాదులో 2014 నుంచి అయిదు రూపాయల భోజనం వచ్చింది. ఆంధ్రలో అన్న క్యాంటీన్లు 2018లో రాష్ట్రమంతటా వచ్చి, 2019లో ఆగిపోయి, 2024 ఆగస్టులో మళ్ళీ మొదలయ్యాయి. అక్కడ కార్డు అడగరు. వరసలో నిలబడి అయిదు రూపాయలిస్తే చాలు. ఆటో నడిపేవాడు, ఆసుపత్రిలో మనిషిని పెట్టుకుని వచ్చినవాడు, చదువుకునే కుర్రాడు, ఇల్లు లేనివాడు ఒకే వరసలో ఉంటారు. ఎవరు పేద అని ఎవరూ వేలు పెట్టి చూపించరు.

2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్ళని ఫిబ్రవరి 28 రాత్రి ప్రత్యేకంగా లెక్కపెట్టారు. ఫుట్‌పాత్‌ల మీద, ప్లాట్‌ఫారాల మీద, మెట్ల కింద, గొట్టాల్లో, గుడి మండపాల్లో పడుకున్నవాళ్ళు దేశంలో పదిహేడు లక్షల డెబ్భై వేలకు పైనే తేలారు. లెక్కకి చిక్కనివాళ్ళు ఇంకా ఉంటారు.

ఇప్పుడు మన గుమ్మం దగ్గరికి వద్దాం. పని చేసుకోరాదూ అంటాం. ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళలో చాలామంది పగలంతా పని చేసేవాళ్ళే. పెళ్ళిళ్ళలో అంట్లు తోముతారు, మార్కెట్లో మూటలు మోస్తారు, మనం పారేసిన కాగితాలు, సీసాలు ఏరుతారు. ఆ సంపాదన పట్నంలో గది అద్దెకి చాలదు, అంతే. ఏ ఊరు అంటాం. ఆ ఊళ్ళో బతుకు ఉంటే ఇక్కడికి ఎందుకు వస్తారు? మళ్ళీ వస్తారేమో అంటాం. వస్తారు మరి. ఆకలి రోజూ వేస్తుంది కదా!

గుమ్మంలోకి వచ్చిన ప్రతివారినీ నమ్మి ఇంట్లోకి రానివ్వమని నేను అనడం లేదు. ఒంటరిగా ఉండే ఆడవాళ్ళం, జాగ్రత్త మనకి అవసరమే. తలుపు గొళ్ళెం తీయకుండానే చేయగలిగింది కొంత ఉంది. మన ఊళ్ళో నిరాశ్రయుల వసతి గృహం ఎక్కడుందో మనలో ఎంతమందికి తెలుసు? మన రెండు రాష్ట్రాల్లోనూ మునిసిపాలిటీలతోబాటు మెప్మా అనే సంస్థ ఈ పనులు చూస్తుంది. మునిసిపల్ ఆఫీసులో అడిగితే వసతి గృహం చిరునామా చెబుతారు. ఆ చిరునామా, అయిదు రూపాయల భోజనం దొరికే చోటు, రెండూ ఒక కాగితం మీద రాసి వంటింటి తలుపు వెనక అంటించుకోండి. వచ్చినవాళ్ళకి ఇంత పెట్టి, ఆ దారి కూడా చెప్పండి. గుడి ముందు రాత్రిళ్ళు ఒంటరిగా కూర్చునే ముసలావిడ కనిపిస్తే, ఆమెకి ఉన్న భయం ఆకలి ఒక్కటే కాదని గుర్తుంచుకోండి. నిద్రపోతే ఏమవుతుందోనని రాత్రంతా మేలుకుని ఉండే ఆడవాళ్ళు ఎందరో. మన మహిళామండలివాళ్ళు నలుగురు కలిసి వెళ్ళి, మన పేటలో ఆడవాళ్ళకి వేరే వసతి ఉందా, లేకపోతే ఎందుకు లేదు అని కమిషనరుగారిని అడగవచ్చు. ఒకసారి ఆ వసతి గృహానికి వెళ్ళి చూడవచ్చు. నీళ్ళు వస్తున్నాయా, తలుపులకి గడియలు ఉన్నాయా, దుప్పట్లు ఉతుకుతున్నారా అన్నవి ఇల్లు నడిపే మనకి కనిపించినంత బాగా ఎవరికి కనిపిస్తాయి?

అపాత్రదానం గురించి పెద్దలు చెప్పినది మంచి మాటే. డబ్బుకి, బంగారానికి, భూమికి పాత్రుడెవరో తప్పక చూడాలి. అన్నానికి మాత్రం ఆకలే పాత్రత అని మన ఇళ్ళలో అనాదిగా అనుకుంటున్నదే. ధాత కరువులో ఆ మాట మరిచిపోయినందుకు లక్షలమంది పోయారు. ఈసారి వాకిట్లో ఎవరైనా నిలబడితే మొదట "అన్నం తిన్నావా?" అని అడుగుదాం. మిగిలిన ప్రశ్నలు ఆ తర్వాత అడగవచ్చు.